పాత కంప్యూటర్ గేమ్‌ను సమీక్షించే పద్ధతి: జట్టు షూటర్ల నుంచి పజిల్ అడ్వెంచర్ల దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు చదివే గేమర్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పాత గేమ్ మీద సమీక్ష రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేమి పరీక్షించాలి, దేని తర్వాత ఏది రాయాలి అన్నదే ఆ ప్రశ్న. గేమ్‌ల చరిత్ర, వాటి ఘనత ఈ మార్గదర్శిలో ఉండవు. జట్టు షూటర్లకు (జట్లుగా కాల్చుకునే గేమ్‌లకు), పజిల్ అడ్వెంచర్లకు (కథలో చిక్కులు విప్పుతూ సాగే గేమ్‌లకు) చేయవలసిన పని, చేసే వరుస మాత్రమే ఉంటాయి.

ఇరవై ముప్పై ఏళ్ల నాటి గేమ్‌ను ఈనాటి ల్యాప్‌టాప్‌లో ఆడినప్పుడు కనిపించే లోపాల్లో కొన్ని గేమ్‌వి, కొన్ని మన ఏర్పాటువి. ఏది దేని వల్ల వచ్చిందో విడదీసి చెప్పలేకపోతే ఆ సమీక్ష వల్ల పాఠకుడికి ఉపయోగం లేదు. కింద చెప్పిన ప్రతి అడుగూ ఈ విడదీత కోసమే.

## 1. ఎవరి కోసం రాస్తున్నారో తేల్చుకోండి

పాత గేమ్ సమీక్షను చదివేవారు రెండు రకాలు. ఒకరు కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడినవారు. మరొకరు ఆ గేమ్ పేరు మాత్రమే విన్నవారు. మొదటివారికి జ్ఞాపకాలు చాలు, వారికి సమీక్షతో పెద్దగా పనిలేదు. కాబట్టి రెండోవారి కోసం రాయండి.

వారికి కావలసిన జవాబు ఇది: ఈ రోజు, నా దగ్గరున్న కంప్యూటర్‌లో, నాకు దొరికే మనుషులతో ఈ గేమ్ ఆడదగినదేనా? ఈ వాక్యాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

## 2. ఏ వెర్షన్ ఆడుతున్నారో నిర్ధారించుకోండి

ఎక్కువ సమీక్షలు ఇక్కడే దారి తప్పుతాయి. ఒకే పేరుతో రెండు మూడు వేర్వేరు గేమ్‌లు ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు.

'గ్రిమ్ ఫాండాంగో' 1998లో వచ్చినప్పుడు కథానాయకుణ్ణి బాణం మీటలతో అటూ ఇటూ తిప్పి నడిపించాలి. 2015 నాటి రీమాస్టర్‌లో, అంటే మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రూపంలో, మౌస్‌తో నొక్కి నడిపించే వీలు కల్పించారు. నడిపించడం కష్టంగా ఉందని రాసేవారు ఏ వెర్షన్‌లో, ఏ పద్ధతిలో నడిపించారో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. 'మిస్ట్' విషయంలో తేడా ఇంకా పెద్దది: 1993 నాటి గేమ్ నిశ్చల చిత్రాల వరుస, 2000లో వచ్చిన 'రియల్ మిస్ట్' స్వేచ్ఛగా నడిచే త్రీడీ లోకం, 2021 నాటి పునర్నిర్మాణంలోనైతే కోరుకుంటే పజిల్ జవాబులు ప్రతి ఆటకూ మారిపోతాయి. 'హాఫ్ లైఫ్' 1998 నవంబరులో వచ్చింది. 2023 నవంబరులో ఇరవై అయిదేళ్ల సందర్భంగా విడుదలైన అప్‌డేట్ దానిలో చాలా మార్పులు చేసింది, పాత రూపాన్ని కూడా విడిగా అందుబాటులో ఉంచింది.

'ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్' 2009 ప్రత్యేక వెర్షన్‌లో ఒక్క మీట నొక్కితే కొత్త బొమ్మల నుంచి 1990 నాటి బొమ్మలకు మారవచ్చు. ఇలాంటి సౌకర్యం ఉన్నప్పుడు ముఖ్యమైన ప్రతి గదినీ రెండు రూపాల్లోనూ చూడండి. కొత్త బొమ్మల్లో ఒక వస్తువు నేపథ్యంలో కలిసిపోయి, పాత బొమ్మల్లో స్పష్టంగా కనిపించిందంటే ఆ లోపం రీమాస్టర్‌ది.

పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన కాపీలను సమీక్షకు వాడకండి. చట్టం మాట అలా ఉంచినా, నెట్ సెంటర్ల కాలంలో తిరిగిన 'రిప్' కాపీల్లో స్థలం మిగల్చడానికి సంగీతాన్ని, వీడియోలను తీసేసేవారు. గేమ్ మూగగా ఉందని రాస్తే అది ఆ కాపీ మీద సమీక్ష అవుతుంది. డబ్బు పెట్టకుండా సాధన చేయాలనుకునేవారికి 'బినీత్ ఎ స్టీల్ స్కై' (1994), 'ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్' (1995) ఉన్నాయి. ఈ రెండు అడ్వెంచర్లను వాటి హక్కుదారులే ఉచితం చేశారు. పాత అడ్వెంచర్లను ఇప్పటి కంప్యూటర్లలో నడిపించే ప్రోగ్రామ్ అయిన స్కమ్‌విఎమ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మొదటి సమీక్షకు వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం మంచిది.

ఆట మొదలుపెట్టే ముందు రాసుకోవలసినవి:

- గేమ్ పేరు, మొదట విడుదలైన సంవత్సరం, మీరు ఆడుతున్న వెర్షన్ సంవత్సరం
- ఎక్కడ కొన్నారు లేదా ఎక్కడి నుంచి దింపుకున్నారు
- వేసిన ప్యాచ్‌లు (లోపాల సవరణలు), మోడ్‌లు (ఇతరులు చేసిన మార్పులు)
- నేరుగా విండోస్‌లో నడిచిందా, డాస్‌బాక్స్ (విండోస్‌కు ముందున్న డాస్ కాలపు గేమ్‌లను నడిపించే ప్రోగ్రామ్), స్కమ్‌విఎమ్ వంటి వాటి సాయంతో నడిచిందా

## 3. కంప్యూటర్‌ను సిద్ధం చేయండి

వేగం. పాత గేమ్‌లు కొన్ని ఆనాటి ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసినవి. 'గ్రిమ్ ఫాండాంగో' తొలి వెర్షన్‌లో లిఫ్ట్‌లోకి ఫోర్క్‌లిఫ్ట్‌ను తీసుకెళ్లే పజిల్ ఉంది. వేగమైన ప్రాసెసర్ల మీద లిఫ్ట్ కదిలే తీరు మారిపోయి, ఆటగాడికి సమయం చాలక, ప్యాచ్ వేస్తే తప్ప ముందుకు పోలేని పరిస్థితి వచ్చేది. దాన్ని పజిల్ తయారుచేసినవారి తప్పుగా రాస్తే అన్యాయం. డాస్‌బాక్స్‌లో ఆడేటప్పుడు కంట్రోల్, ఎఫ్ 11 నొక్కితే వేగం తగ్గుతుంది, కంట్రోల్, ఎఫ్ 12 నొక్కితే పెరుగుతుంది. పాత్ర నడక, మాటల వేగం, సంగీతం మూడూ సహజంగా అనిపించే చోట ఆపి, ఆ అంకెను రాసుకోండి.

వేగం ఎక్కువైతే లాభపడే గేమ్‌లూ ఉన్నాయి. 'క్వేక్ 3 అరీనా'లో సెకనుకు 125 ఫ్రేమ్‌ల (తెర మీద మారే చిత్రాల) దగ్గర ఎగురుడు కాస్త ఎత్తుగా సాగుతుంది. ఒకరు 60 దగ్గర, మరొకరు 125 దగ్గర ఆడి ఒకే మ్యాప్ గురించి వాదించుకుంటే ఆ వాదన తెగదు.

తెర ఆకారం. డాస్ కాలపు గేమ్‌లలో చాలావాటి చిత్రం 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో తయారై, 4:3 నిష్పత్తి ఉన్న మానిటర్ మీద నిలువుగా కొద్దిగా సాగి కనిపించేది. ఇప్పటి వెడల్పు తెర మీద ఆ సాగుదల లేకపోతే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. డాస్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ఆస్పెక్ట్ సవరణను ఆన్ చేసి, గేమ్‌లో గుండ్రంగా ఉండవలసిన వస్తువును, అంటే చంద్రుణ్ణో బండి చక్రాన్నో, చూసి సరిపోల్చుకోండి. బొమ్మల మీద అభిప్రాయం ఆ తర్వాతే.

మౌస్, ధ్వని. విండోస్‌లోని మౌస్ యాక్సిలరేషన్‌ను, అంటే చేతి వేగం పెరిగితే గురి మరింత దూరం పోయే ఏర్పాటును, ఆపండి. 1996 నాటి 'క్వేక్'లో మౌస్‌తో చుట్టూ చూసే సౌకర్యం మొదట్లో ఆన్ అయి ఉండదు. మీరు ఆన్ చేసుకుంటే ఆ మాట రాయండి. డాస్ గేమ్‌లలో ఎంచుకున్న సౌండ్ కార్డును బట్టి ఒకే పాట పూర్తిగా వేరుగా వినిపిస్తుంది, కాబట్టి సంగీతం గురించి రాసేటప్పుడు ఏ కార్డు ఎంచుకున్నారో చెప్పాలి.

కరెంటు, కాపీలు. పాత అడ్వెంచర్లలో చాలావాటికి తనంతట తాను సేవ్ చేసుకునే ఏర్పాటు లేదు. వేసవి సాయంత్రాల్లో కరెంటు పోయే ఊళ్లలో ల్యాప్‌టాప్ మీద గాని, ఇన్వర్టర్ ఉన్న గదిలో గాని ఆడండి. సేవ్ ఫైళ్లు, నోట్స్, స్క్రీన్‌షాట్లు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి కాపీ ఉంచండి. గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు అక్టోబరు సంగతి తెలియంది కాదు: 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపానులు రెండూ ఆ నెలలోనే వచ్చాయి. కరెంటు తిరిగి వచ్చేదాకా ఆట ఆగితే ఆగనివ్వండి, నోట్స్ మాత్రం పోకూడదు.

## 4. నోట్స్ ఆడుతూనే రాయండి

గేమ్ పూర్తయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే చివరి గంట మాత్రమే గుర్తుంటుంది. పక్కన కాగితం పెట్టుకుని, ప్రతి నమోదులో మూడే సంగతులు రాయండి: ఎక్కడ ఉన్నారు, ఏం జరిగింది, దానికి కారణం ఏమని అనుకుంటున్నారు. ఉదాహరణకు, “రెండో అంతస్తు. తలుపు మీద నొక్కినా స్పందన లేదు. నేను తప్పు చోట నొక్కుతున్నానా, గేమ్ ఇంకా తెరవనివ్వడం లేదా, తెలియలేదు” అన్నది మంచి నమోదు. “బోర్ కొట్టింది” అన్నది నమోదు కాదు. ఎక్కడ, ఎందుకు అన్నవి లేకుండా ఆ మాట సమీక్షలో వాడుకోవడానికి పనికిరాదు.

## 5. జట్టు షూటర్‌ను పరీక్షించే వరుస

జట్టు షూటర్‌ను ఒంటరిగా సమీక్షించబోవడం నేల విడిచి సాము చేయడమే. మనుషులను కూర్చుకోవడమే ఇక్కడ అసలు పని.

మనుషులు. ఎదురెదురుగా కనీసం ముగ్గురేసి ఉండేలా చూడండి. బాంబు పెట్టే జట్టు, దాన్ని అడ్డుకునే జట్టు తలపడే 'కౌంటర్ స్ట్రయిక్'కు అయిదుగురేసి దొరికితే మేలు. కాలేజీ హాస్టల్‌లో ల్యాప్‌టాప్‌లు, ఒక నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు ఉంటే పాత షూటర్లలో చాలావాటికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ల్యాన్ చాలు. జట్టులో అందరూ ఆరితేరినవాళ్లే కాకుండా ఇద్దరు కొత్తవాళ్లు ఉండేలా చూడండి. కొత్తవాడు జట్టుకు ఎప్పుడు పనికొచ్చాడన్నది మీరు తేల్చవలసిన ముఖ్య విషయాల్లో ఒకటి.

సర్వర్ సెట్టింగ్స్. దీని మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. 'కౌంటర్ స్ట్రయిక్ 1.6'లో ఆటగాడు 800 డాలర్లతో మొదలుపెడతాడు, చేతిలో ఉంచుకోగల గరిష్ఠ మొత్తం 16,000. దూరం నుంచి కాల్చే ఎ.డబ్ల్యు.పి. స్నైపర్ తుపాకీ ధర 4,750. అంటే మొదటి రౌండ్‌లో పిస్తోలుతో నెట్టుకురావాలి, గెలిచిన డబ్బు దాచుకోవాలి, ఓడిన జట్టు ఈ రౌండ్‌లో కొనాలా, వచ్చే రౌండ్‌కు మిగల్చాలా అని కలిసి నిర్ణయించుకోవాలి. జట్టు అనే మాటకు అర్థం చాలావరకు ఆ నిర్ణయంలోనే ఉంది.

మన నెట్ సెంటర్లలో చాలాచోట్ల సర్వర్‌ను మొదటి రౌండ్ నుంచే 16,000 ఇచ్చేలా పెట్టేవారు, గంటకు డబ్బు కట్టిన కుర్రవాడికి నచ్చిన తుపాకీ వెంటనే చేతికి రావాలి కదా. ఆ సెట్టింగ్‌తో ఆడి, గేమ్‌లో వ్యూహం లేదని, అందరూ స్నైపర్ పట్టుకుని మూలన కూర్చుంటారని రాయడం ఉప్పు వేయకుండా వండి కూర చప్పగా ఉందనడమే. 'ఐస్‌వరల్డ్' మ్యాప్ సంగతీ అంతే: అందులో బాంబు పెట్టే లక్ష్యం ఉండదు, ఎదురుపడి కాల్చుకోవడమే. సరదాకు ఆడండి, తీర్పు మాత్రం 'డస్ట్ 2' వంటి లక్ష్యమున్న మ్యాప్ మీద, 800తో మొదలుపెట్టి, సొంత జట్టువారి తూటా తగిలినా దెబ్బ పడే సెట్టింగ్‌తో ఆడాకనే ఇవ్వండి.

పాత్రలు. 'టీమ్ ఫోర్ట్రెస్ క్లాసిక్' (1999)లో తొమ్మిది ప్రధాన పాత్రలున్నాయి. నచ్చిన ఒక్కదానితోనే ఆడి ముగించకండి. దాడి చేసేది, కాపలా కాసేది, సాయపడేది, ఈ మూడు రకాల్లో ఒక్కొక్కటి తప్పకుండా ఆడండి. 'టూఫోర్ట్' మ్యాప్‌లో ఇంజనీరుగా సెంట్రీ గన్ (తనంతట తానే కాల్చే తుపాకీ) కట్టి జెండా గదిని కాపాడినప్పుడు, స్కౌట్‌గా అదే గదిలోకి దూరబోయినప్పుడు ఒకే గేమ్ రెండు విధాలుగా కనిపిస్తుంది. ఏ పాత్రకైనా అసలు పనే దొరకని సందర్భాలుంటే వాటిని నమోదు చేయండి.

మాట. సరిహద్దు ఊళ్లలో జట్టు ఒకే భాషలో మాట్లాడదు. ఒకడు ‘కుడి’ అంటే, ఇంకొకడు ఒడియాలో ‘డాహాణ’ అంటాడు, మూడోవాడు హిందీలో అరుస్తాడు. ఆట మొదలుకాక ముందే మ్యాప్‌లోని పది చోట్లకు అందరూ ఒప్పుకున్న పేర్లు పెట్టుకోండి. లేకపోతే జట్టు ఓడింది గేమ్ గందరగోళం వల్లనా, మన గందరగోళం వల్లనా అన్నది చెప్పలేరు.

పింగ్, రికార్డింగ్. ఆన్‌లైన్‌లో ఆడితే సర్వర్ ఏ నగరంలో ఉంది, పింగ్ (సర్వర్‌కు సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎంత దగ్గర తిరిగింది రాసుకోండి. కౌంటర్ స్ట్రయిక్ కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే పెట్టెలో) నెట్ గ్రాఫ్ ఆన్ చేస్తే ఫ్రేములు, పింగ్, డేటా నష్టం తెర మీదే కనిపిస్తాయి. క్వేక్, హాఫ్ లైఫ్ కుటుంబపు గేమ్‌లలో ఆటను డెమోగా రికార్డు చేసే ఆదేశం ఉంది. ఒక మ్యాచ్‌ను రికార్డు చేసి మరునాడు తీరిగ్గా చూడండి. ఆడేటప్పుడు ‘మోసం’ అనిపించిన చావుల్లో సగానికి కారణం మనం వెనక్కి తిరిగి చూడకపోవడమేనని అప్పుడు తెలుస్తుంది.

బాట్‌లు. 'అన్‌రియల్ టోర్నమెంట్', 'క్వేక్ 3 అరీనా' (రెండూ 1999) బాట్‌లతోనే, అంటే కంప్యూటరే ఆడించే ఆటగాళ్లతోనే, వచ్చాయి. వాటితో ఒంటరిగా ఆడిన అనుభవం కూడా సమీక్షలో భాగమే. కౌంటర్ స్ట్రయిక్ 1.6లో అధికారికంగా బాట్‌లు లేవు, ఎవరో తయారుచేసినవి చేర్చుకుంటే వాటి తెలివితక్కువతనాన్ని గేమ్‌కు అంటగట్టకూడదు.

## 6. పజిల్ అడ్వెంచర్‌ను పరీక్షించే వరుస

జట్టు షూటర్‌ను ఎన్నిసార్లు ఆడితే అంత బాగా తెలుస్తుంది. పజిల్ గేమ్ అందుకు వ్యతిరేకం: మొదటిసారి ఆడినదే అసలైన పరీక్ష, అది మళ్లీ రాదు. 'మిస్ట్' తొలి వెర్షన్‌లో ముగింపుకు కావలసిన రహస్యం ముందే తెలిసినవారు కొద్ది నిమిషాల్లోనే గేమ్ ముగించగలరు. అందుకే జవాబులన్నీ చూపించే వాక్‌త్రూ వీడియోలు చూసి సమీక్ష రాసేవారి మాట నేను లెక్కలోకి తీసుకోను.

మొదటి అడుగు: సూచనల ఖాతా. ఎక్కడైనా ఇరుక్కుంటే ఒక గంట సొంతంగా ప్రయత్నించండి. ఆ తర్వాత గేమ్ ఆపి, మరునాడు మళ్లీ కూర్చోండి. అప్పటికీ కాకపోతే చిన్న సూచన చూడండి, అదీ చాలకపోతే పూర్తి జవాబు చూడండి. ఏ పజిల్‌కు ఏది చూశారో ఖాతాలో రాయండి, సమీక్షలో ఆ లెక్క దాచకండి.

రెండో అడుగు: వెనక్కి వెళ్లి వెతకడం. జవాబు తెలిశాక చాలామంది ముందుకు పరుగెడతారు. అలా చేయకుండా పాత సేవ్ తెరిచి, ఆ జవాబుకు దారితీసే ఆధారం గేమ్‌లో ఎక్కడుందో వెతకండి. ఒక సంభాషణలోనో, గోడ మీద బొమ్మలోనో ఆధారం ఉంటే పజిల్ న్యాయమైనదే, మీరు గమనించలేదు. ఎక్కడా లేకపోతే అది ఊహించి కొట్టమన్న పజిల్. పది వేర్వేరు విశేషణాల కంటే ఈ ఒక్క పరీక్ష మీ సమీక్షకు ఎక్కువ బలం ఇస్తుంది.

మూడో అడుగు: ఇరుక్కున్న కారణాన్ని వర్గీకరించడం. వస్తువు కళ్లకు కనిపించక ఇరుక్కోవడం వేరు. కనిపించినా దాని ఉపయోగం తట్టకపోవడం వేరు. ఉపయోగం తెలిసినా గేమ్ కోరిన చోట, కోరిన క్రియతో నొక్కకపోవడం వేరు. అమెరికా ఇంటి వస్తువులు, అక్కడి నానుడులు తెలిస్తేనే తెగే పజిల్‌లు నాలుగో వర్గం, వీటిని మన పాఠకుల కోసం తప్పక గుర్తించి చెప్పాలి. శబ్దాన్ని బట్టి దారి వెతికే పజిల్‌లు 'మిస్ట్'లో ఉన్నాయి. వినికిడి సమస్య ఉన్నవారికి ఆ సంగతి ముందే తెలియాలి.

నాలుగో అడుగు: దారి మూసుకుపోతుందా అని చూడడం. 'కింగ్స్ క్వెస్ట్ 5' (1990)లో పిల్లి తరుముతున్న ఎలుకను మొదట్లోనే కాపాడకపోతే, చాలాసేపటి తర్వాత ఒక గదిలో బందీ అయినప్పుడు విడిపించేవారు ఉండరు. ఎక్కడ తప్పు జరిగిందో గేమ్ చెప్పదు. అదే ఏడాది వచ్చిన 'మంకీ ఐలండ్'లో ఇలా ఇరుక్కుపోయే ప్రమాదం లేదు, చావడం కూడా దాదాపు అసాధ్యం. మీరు సమీక్షించే గేమ్ ఏ తరహాదో తెలుసుకోవడానికి ప్రతి అధ్యాయంలోనూ వేర్వేరు పేర్లతో సేవ్ చేయండి, ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ రాయకండి. మూసుకుపోయే దారులుంటే, “ఫలానా ఊరు విడిచే ముందు ఒక సేవ్ ఉంచుకోండి” అని పాఠకుడికి చెప్పండి, కారణం చెప్పనక్కర్లేదు.

వీలైతే ఇంట్లో ఎవరినైనా, చెల్లినో మేనల్లుణ్ణో, ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకోండి. మౌస్ వాళ్ల చేతికివ్వండి, మీరు నోరు మెదపకండి. వాళ్లు మొదట ఎక్కడ నొక్కుతారో చూస్తే గేమ్ కొత్తవారికి ఏం చెబుతోందో తెలుస్తుంది.

## 7. సమీక్ష రాసే వరుస

1. మొదటి పేరాలోనే తీర్పు చెప్పండి: ఆడవచ్చా, ఎవరు, ఎంతమందితో, ఏ వెర్షన్.
2. రెండో పేరాలో మీ ఏర్పాటు: కంప్యూటర్, ఎమ్యులేటర్ (డాస్‌బాక్స్ వంటివి), ప్యాచ్‌లు, పింగ్ లేదా ల్యాన్.
3. ఆ తర్వాత గేమ్ ఆటగాడితో ఏం చేయిస్తుందో ఒక సంఘటన ద్వారా దగ్గరగా చూపండి.
4. లోపాలను రెండు కుప్పలుగా రాయండి: గేమ్‌లోనే ఉన్నవి, ఈనాటి కంప్యూటర్ల వల్ల వచ్చినవి. రెండో కుప్పలోని ప్రతి దానికీ పరిష్కారం తెలిస్తే అక్కడే ఇవ్వండి.
5. బొమ్మలు, సంగీతం గురించి క్లుప్తంగా చెప్పండి. స్క్రీన్‌షాట్ ఉన్నచోట వర్ణన అనవసరం.

పదికి ఇన్ని మార్కులు అని వేయడం నాకు సమ్మతం కాదు. 1993 నాటి గేమ్‌కూ 2007 నాటి గేమ్‌కూ చెరి ఎనిమిది వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తప్పదనుకుంటే గేమ్ రూపకల్పనకు ఒకటి, ఈ రోజు ఆడే సౌలభ్యానికి ఒకటి చొప్పున రెండు వేయండి.

భాష విషయంలో ఒక మాట. మన పాఠకుల్లో చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవారు. సేవ్, లెవెల్, రీలోడ్ వంటి మాటలకు నిఘంటువు తెలుగు వెతికి వారిని ఇబ్బంది పెట్టకండి. పేరాలు చిన్నవిగా ఉంచండి.

## 8. తరచూ దొర్లే పొరపాట్లు, సవరణలు

“ఇప్పటి గేమ్‌లతో పోలిస్తే బొమ్మలు నాసిరకం.” ఇది అందరికీ తెలిసినదే. శత్రువు దూరం నుంచి కనిపించాడా, తీసుకోదగిన వస్తువు నేపథ్యం నుంచి విడిగా తెలిసిందా అన్నది రాయండి.

గేమ్ సగంలో ఆపి తీర్పు ఇవ్వడం. ఆపడం తప్పు కాదు. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో చెప్పకపోవడం తప్పు.

కథంతా చెప్పేయడం. మొదటి అధ్యాయం దాటాక వచ్చే ఏ పజిల్ జవాబూ ఇవ్వకండి. పజిల్‌ను విమర్శించాలంటే దాని తరహా చెప్పండి, జవాబు కాదు. జవాబు చెప్పక తప్పకపోతే పైన హెచ్చరిక పెట్టండి.

పాత సర్వర్లు ఇంకా ఉన్నాయనుకోవడం. ఆన్‌లైన్ ఆటకు సర్వర్లను చూపడానికి చాలా గేమ్‌లు ఆధారపడిన గేమ్‌స్పై సేవ 2014లో ఆగిపోయింది. పెట్టె మీద ‘ఆన్‌లైన్’ అని ఉన్నంత మాత్రాన ఆన్‌లైన్ ఆట దొరకదు. మీరే ఒక సాయంత్రం, ఒక ఆదివారం సర్వర్ల జాబితా తెరిచి మనుషులున్నారో లేదో చూసి, తేదీతో సహా రాయండి.

## 9. ప్రచురించే ముందు సరిచూసుకోండి

- వెర్షన్, సంవత్సరం, ఏర్పాటు మొదటి రెండు పేరాల్లో ఉన్నాయా?
- జట్టు షూటర్ అయితే ఆటగాళ్ల సంఖ్య, మ్యాప్‌ల పేర్లు, సర్వర్ సెట్టింగ్స్ చెప్పారా?
- పజిల్ గేమ్ అయితే సూచనల లెక్క ఇచ్చారా, స్క్రీన్‌షాట్‌లలో జవాబులు బయటపడుతున్నాయా?
- ప్రతి ఫిర్యాదుకూ నోట్స్‌లో ఒక నమోదు ఉందా? లేని ఫిర్యాదును కొట్టివేయండి.
- గేమ్ తెలియని ఒకరు చదివి, ఆడాలా వద్దా అన్నది చెప్పగలిగారా?

ప్రచురించాక కొత్త ప్యాచ్ గాని, రీమాస్టర్ గాని వస్తే పాత వాక్యాలను చెరిపేయకుండా కింద తేదీ వేసి మారిన సంగతులు మాత్రం చేర్చండి. సేవ్ ఫైళ్లను దాచి ఉంచితే అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆడనక్కర్లేదు, మారిన అధ్యాయం దగ్గరే తెరిచి చూడవచ్చు.